వీథి వెడల్పయితే చాలునా?

1908లో మూసీ వరద హైదరాబాదును అతలాకుతలం చేసింది. పిదప 1912లో ఏర్పడిన ఆరాయిష్-ఎ-బల్దా అను నగరాభివృద్ధి మండలి వీథులను వెడల్పు చేసి ఊరకుండలేదు. పత్తర్‌గట్టీలో రాతి కమానుల వరుసలు నిర్మించి, క్రింద అంగళ్ళకు, పైన నివాసాలకు చోటు కల్పించింది. నేటికీ ఆ కమానుల క్రింద వ్యాపారము సాగుచునే యున్నది.

శింగనమల వంటి కరవు సీమలోని మనకు నీడ విలువ వేరొకరు చెప్పనక్కరలేదు. మన మట్టిమిద్దెలు, వీథి అరుగులు ఆ ఎరుకతో కట్టినవే. రోడ్డు కోసం అరుగును పడగొట్టినప్పుడు పోయేవి రాళ్ళు మాత్రమే కావు. వృద్ధులు కూర్చుండే చోటు, చిల్లర వర్తకుని బ్రతుకుతెరువు కూడా పోవును.

రోడ్డు వెడల్పు కావలసినదే. అయితే కూల్చుటకు ముందే నీడకూ, జీవనోపాధికీ చోటు చూపని ప్లానును మేము అభివృద్ధిగా అంగీకరింపజాలము. విద్యార్థులారా! రేపు మీలో కొందరు ఇంజనీర్లు కాగలరు. గీత గీయుటకు ముందు ఆ అరుగుపై కూర్చున్నవారిని ఒక్కసారి చూడుడు.