పగటి కన్ను, రాత్రి కన్ను

పిల్లలూ! నూజివీడు చుట్టుపక్కల మామిడితోటలున్న ఊళ్ళలో ఆగిరిపల్లి ఒకటి. వేసవిలో పగటిపూట అక్కడి తోటలో ఒక చెట్టుకింద నిలబడి తల పైకెత్తితే ఆకు ఆకూ విడిగా కనబడుతుంది. గుత్తిలో ఏ రసం కాయ రంగు తిరిగిందో, దేనిమీద మచ్చ ఉన్నదో చెప్పవచ్చు. అమావాస్యనాటి రాత్రి అదే చెట్టు చుక్కల వెలుగులో నల్లని గుట్టలాగా ఉంటుంది. ఆకులూ తెలియవు, కాయలూ తెలియవు. అయినా చెట్టు ఉన్నదని మాత్రం తెలుస్తుంది. అంత కొద్ది వెలుగులో అదైనా ఎలా తెలిసింది?

కంటి లోపల, వెనకవైపున, రెటీనా అనే పలచని పొర ఉన్నది. అందులో వెలుగును పట్టే కణాలు రెండు రకాలు. పగటి వెలుగుకూ, రంగులకూ పనికివచ్చేవి శంకువులు. ఇవి ఒక్కొక్క కంటిలో సుమారు 60 లక్షలు. మసక వెలుగులో పనిచేసేవి దండాలు. ఇవి సుమారు 12 కోట్లు.

పక్కపక్కనున్న ఈ కణాలను కలుపుతూ అక్కడక్కడా అతి సన్నని దారులున్నాయి. కనెక్సిన్ అనే మాంసకృత్తుతో తయారైన ఆ దారులగుండా విద్యుత్తు ఒక కణంలోనుంచి నేరుగా రెండో కణంలోకి పోతుంది.

వింత ఏమిటంటే, ఈ దారులు ఎప్పుడూ ఒకే తీరుగా ఉండవు. పగలు రెటీనాలో డోపమిన్ అనే పదార్థం ఎక్కువగా ఊరుతుంది. దానివల్ల దండాలకూ శంకువులకూ మధ్య దారులు చాలావరకు మూసుకుంటాయి. ఏ కణం చూసినది ఆ కణమే చెబుతుంది గనక బొమ్మ స్పష్టంగా ఉంటుంది. రాత్రి డోపమిన్ తగ్గి దారులు తెరుచుకుంటాయి. అప్పుడు ఇరుగుపొరుగు కణాలు తమ కొద్దిపాటి సంకేతాలను కలుపుకుంటాయి. పదిమంది తలా గుప్పెడు బియ్యం తెస్తే కుండెడు అన్నం అవుతుంది. కాని ఏ మెతుకు ఎవరిదో చెప్పలేము! రాత్రిపూట ఆకులు విడిగా కనబడకపోవటానికి ఇదొక కారణం.

2008లో అమెరికాలో శాస్త్రజ్ఞులు బంగారుచేపల రెటీనాను పరీక్షించి మరొక సంగతి ప్రకటించారు. పగలు చీకటిలో ఉంచినా ఈ దారులు బిగిసే ఉన్నాయట. రాత్రి వేళ అయితేనే తెరుచుకున్నాయట. అంటే రెటీనాలోనే ఒక గడియారం ఉన్నదన్నమాట!

మీరూ ఒక పరీక్ష చేయండి. రాత్రి దీపాలు ఆర్పి, కిటికీ దగ్గర అరగంట కూర్చుని, ఈ పత్రికను పట్టుకు చూడండి. కాగితం తెల్లగా తెలుస్తుంది, చిన్న అక్షరాలు మాత్రం చదవలేరు.

అయితే, దారులు తెరుచుకున్నంత మాత్రాన చాలదు. దండాలలో వెలుగును పట్టే రంగుపదార్థం కూడా ఉండాలి. అది తయారుకావటానికి ఎ విటమిన్ కావాలి. పండు మామిడిలోనూ, మునగాకులోనూ దాని మూలపదార్థం ఉన్నది. ఎ విటమిన్ లోపిస్తే రేచీకటి వస్తుంది. అందుచేత, సందెవేళ దారి కనబడటంలేదని మీ తమ్ముడో చెల్లెలో అంటే నవ్వకండి. వెంటనే అమ్మకూ నాన్నకూ చెప్పి డాక్టరుకు చూపించండి.