ఆ పాట యెవ్వరిపై?

సెప్టెంబరు 17వ తేది వచ్చినదనగానే నల్లగొండ మొదలు మహబూబునగరము వరకు సభావేదికలపై 'బండెనక బండి కట్టి' యను పాట మ్రోగుట పరిపాటియైనది. మ్రోగనిండు. కాని కొందరు వక్తలు దానిని ఒక మతముపై మరియొక మతము పాడిన పాటగా వ్యాఖ్యానించుచున్నారు. ఇది వట్టి యబద్ధము. అంతకుమించి, ఆ పోరాటమున నేలకొరిగినవారికి చేయు ద్రోహము.

బండి యాదగిరి ఆ పాటను కట్టినది నల్లగొండ పల్లెలు తిరుగబడిన దినములలో. నాడు దొర బండి కదలినచో ముందు వెట్టివాడు పరుగిడవలెను. మాదిగ చెప్పులు కుట్టి ఊరక యియ్యవలెను. కుమ్మరి కుండలు, గొల్ల గొఱ్ఱెలు గడీకి చేర్పవలెను. జనగామ తాలూకా నాడు నల్లగొండ జిల్లాలోనిదే. అచ్చటి విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డికి 40,000 ఎకరముల భూమి. తన భూమికై కోర్టుకెక్కిన నేరమునకు ఆయన మనుష్యులచే హతుడైన రైతు షేక్ బందగీ. 1946 జులై 4న కడవెండిలో ఆ గడీ తుపాకులకే కూలినవాడు దొడ్డి కొమరయ్య. ఈ మూడు పేళ్లను వరుసగా వ్రాసికొని, అయ్యలారా, ఇందు మతముల లెక్క తీయుడు!

పాట నిజాము సర్కారును నిలదీసిన మాట నిజమే. రజాకారులు ఊళ్లు తగులబెట్టిన మాటయు నిజమే. దానిని మఱువుమని మేము చెప్పము. ఐతే ఆ రజాకారులకు విడిది యిచ్చి విందులు పెట్టినవారిలో గడీల దొరలు లేరా?

మరియొక సంగతి. 1948లో లొంగిపోయిన నిజామే 1950లో రాజప్రముఖుడై 1956 వరకు ఆ పీఠమున నుండెను. ఆ పాట పాడిన రైతులో, 1951 అక్టోబరు వరకు సైన్యముచే తరుమబడుచు అడవులలో నుండిరి. విమోచనమును గూర్చి ఉపన్యసించువారు ఈ రెండు విషయములను ఒకే నోట చెప్పగా మేము వినలేదు.

హుజూర్‌నగరపు ఓటర్లు హైదరాబాదు తొలి శాసనసభకు ఉర్దూకవి మఖ్దూం మొహియుద్దీనును పంపిరి. గౌతం ఘోష్ 1979లో తీసిన 'మా భూమి' చిత్రమున గద్దరు పాడిన పిమ్మటనే ఈ పాట పట్టణవాసుల నోట నానినది. ఆ చిత్రకథకు మూలము కిషన్ చందర్ రచించిన ఉర్దూ నవల.

ఈ జాడ్యము మనకే పరిమితము కాదు. లాస్ ఏంజిలిస్ పోలీసులు నల్లజాతివాడైన రాడ్నీ కింగును 1991లో చితకబాదిరి. మరుసటి యేడు 'రేజ్ ఎగెనెస్ట్ ది మెషీన్' అను బృందము పోలీసుల జాత్యహంకారమును దుయ్యబట్టుచు 'కిల్లింగ్ ఇన్ ది నేమ్' అను ర్యాప్ మెటల్ గీతమును వెలువరించెను. 2020 ఎన్నికల వేళ ట్రంపు అనుయాయులు, పోలీసులను కీర్తించు జెండా పట్టుకొని, ఆ పాటకే చిందులు వేసిరి! తమ్ము తిట్టిన పాటకు తామే తాళము వేయువారు అచ్చటను గలరు, ఇచ్చటను గలరు.

రాబోవు సెప్టెంబరున పాట పెట్టుటకు ముందు మన వక్తలు వేదికమీద బండి యాదగిరి పేరు చదువుదురా? దాని ప్రక్కనే బందగీ పేరును?