ఆతిథ్య రంగంలో కడపంక్తి ఎవరిది?

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. పంక్తిలోకే రానివ్వని కులాలకు ఈ సామెత ఏనాడూ అక్కరకు రాలేదు. దుకాణాలు, హోటళ్లు, భోజనశాలల్లోకి ప్రవేశాన్ని కులం పేరిట అడ్డుకోరాదని 15(2) అధికరణలో ప్రత్యేకంగా రాసుకోవలసి వచ్చిందంటే, ఈ దేశంలో ఆతిథ్యం ఎన్ని నిషేధాల మధ్య పెరిగిందో గ్రహించవచ్చు. అతిథిగా లోపలికి వెళ్లే హక్కును రాజ్యాంగం ఆ విధంగా ఇచ్చింది. ఆతిథ్యమిచ్చే హోదాలో నిలబడే హక్కు మాటేమిటన్న ప్రశ్న ఇవాళ తొలితరం పట్టభద్రుల ముందు ఉంది.

2019లో యునెస్కో సృజనాత్మక నగరాల జాబితాలో, ఆహార సంస్కృతి విభాగంలో హైదరాబాద్‌కు చోటు దక్కింది. సదస్సులకు వచ్చే ప్రతినిధులు, ఉత్తరాది పెళ్లి బృందాలు, గల్ఫ్, ఆఫ్రికా దేశాల నుంచి చికిత్స కోసం వచ్చే కుటుంబాలు ఈ నగర హోటళ్లలో బస చేస్తున్నారు. హలాల్ భోజనం అడిగేవారికీ, ఉల్లి, వెల్లుల్లి లేని జైన భోజనం అడిగేవారికీ ఒకే కరపత్రం పనికిరాదు. ఎవరి భాషలో, ఎవరి ఆచారానికి తగినట్టుగా వారికి హోటల్‌ను పరిచయం చేయడం ఒక వృత్తిగా స్థిరపడింది. బహుళ సంస్కృతుల ఆతిథ్య మార్కెటింగ్ అంటే ఇదే. ఏ సంస్కృతిని అతిథి ముందు పెట్టాలో, దేన్ని కనబడనీయకూడదో నిర్ణయమయ్యేది కూడా ఈ విభాగంలోనే.

మా విద్యార్థిని ఒకరు జహీరాబాద్ ప్రాంతపు దళిత వ్యవసాయ కూలీల బిడ్డ. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. ఇంట్లో తెలుగు, అంగట్లో దక్కనీ ఉర్దూ, సరిహద్దు అవతలి బంధువులతో కన్నడం, గురుకులంలో ఇంగ్లిషు నేర్చుకుంది. పర్యాటక నిర్వహణలో పీజీ పూర్తిచేసి, నగరంలోని ఒక పెద్ద హోటల్లో మార్కెటింగ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లింది. ‘నాన్నగారు ఏం చేస్తారు?’ అన్నది మొదటి ప్రశ్న. ‘ఇలాంటి హోటల్లో ఎప్పుడైనా బస చేశారా?’ అన్నది రెండోది. చివరికి హౌస్‌కీపింగ్‌లో అయితే చూద్దామన్నారు. హౌస్‌కీపింగ్ తక్కువ పనేమీ కాదు. తండ్రి కూలీ అని తెలియగానే కూతురి హద్దు కూడా అక్కడే గీయడం మాత్రం పాత న్యాయమే.

దీన్ని ఒక్కరి అనుభవమని కొట్టిపారేయలేం. సుఖదేవ్ థొరాట్, పాల్ అటెవెల్ పరిశోధన 2007లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వెలువడింది. సమాన అర్హతలతో ప్రైవేటు సంస్థలకు పంపిన దరఖాస్తుల్లో, అగ్రకుల హిందువుల పేర్లున్నవాటి కంటే దళిత, ముస్లిం పేర్లున్నవాటికి తక్కువ పిలుపులు వచ్చాయని వారు నిరూపించారు. అదే ఏడాది వెలువడిన మరో పరిశోధన కోసం సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ నియామకాలు చేసే అధికారులతో మాట్లాడారు. ప్రతిభే కొలమానమని చెబుతూనే ‘కుటుంబ నేపథ్యం’ ఆరా తీయడం ఆ అధికారులకు సహజంగా తోచింది. ఆతిథ్య రంగంలో ఈ ఆరాకు మరో మాట తోడైంది: ‘ప్రెజెంటబుల్’. ఉచ్చారణ, రంగు, నడక, దుస్తులు అన్నిటినీ ఒక్క మాటలో తూచి, కులం పేరెత్తకుండానే తీర్పు చెప్పేస్తుంది.

ఇంతకూ బహుళ సంస్కృతుల పరిజ్ఞానం ఎవరికి ఉంది? ఒకే కాలనీలో, ఒకే తరహా బడిలో పెరిగినవారికి ఇతరుల సంస్కృతి ఒక పాఠ్యాంశం. వాడ నుంచి ఊళ్లోకి, ఊరి నుంచి హాస్టల్‌కు, అక్కడి నుంచి విశ్వవిద్యాలయానికి వచ్చిన విద్యార్థి అడుగడుగునా ఎదుటివారి మర్యాదలు గమనించి మసలుకోక తప్పలేదు. ఆ నేర్పు వెనుక అవమానాలున్నాయి కనుక దాన్ని కీర్తించలేను. కానీ దాన్ని అర్హతగా లెక్కించకపోవడం అన్యాయం.

చిరుధాన్యాల సంగతే చూడండి. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. నిన్నటిదాకా పేదల తిండిగా ఈసడింపుకు గురైన జొన్నలు, కొర్రలు ఖరీదైన అల్పాహారంగా బల్లమీదికి వచ్చాయి. ఆ విత్తనాలను కాపాడినవారిలో జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళలు ముందు వరుసలో ఉన్నారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలకు 2019లో ఈక్వేటర్ బహుమతి లభించింది. హోటల్ ప్రకటనల్లో గింజ కనిపిస్తుంది, దాన్ని కాపాడిన స్త్రీ కనిపించదు. ఆమె కథ చెప్పగల బిడ్డకు ప్రకటన రాసే గదిలో చోటు లేకపోవడమే ఇందుకు కారణం.

మా విద్యార్థిని ఆసుపత్రుల సమీపంలోని ఒక మధ్యతరహా హోటల్లో చేరి, విదేశీ రోగుల కుటుంబాల బస ఏర్పాట్లు చూసింది. రెండేళ్లకు సేల్స్ విభాగంలోకి మారింది. ఒకరి పట్టుదలను విజయగాథగా చెప్పుకుని వ్యవస్థ చేతులు దులుపుకోరాదు. 16(4) అధికరణ ఇచ్చే రిజర్వేషన్ల పరిధి ప్రభుత్వ ఉద్యోగాలతో ఆగిపోతుంది. ఉపాధి మాత్రం ప్రైవేటు రంగానికి తరలిపోయింది. భూములు, రాయితీలు పొందే హోటళ్లు ఏ విభాగంలో ఏ సామాజిక వర్గాల వారు ఎందరున్నారో ఏటా వెల్లడించాలన్న షరతు పెట్టాలి. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇంటింటికీ వెళ్లి కులాల లెక్క తీసింది. ఆ లెక్క కార్యాలయాల గడప కూడా దాటాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చదువు పూర్తిచేసినవారికి హోటల్ శిక్షణ కాలంలో నగరంలో నిలదొక్కుకునేందుకు భృతి ఇవ్వాలి. తండ్రి వృత్తి అడిగే ప్రశ్నను ఇంటర్వ్యూల నుంచి తొలగించాలి.

ఫీజుల బకాయిల కోసం వీధికెక్కే విద్యార్థి సంఘాలు పట్టా చేతికొచ్చాక ఎదురయ్యే ఈ వివక్షను కూడా తమ డిమాండ్ల పత్రంలో చేర్చుకోవలసిన సమయమిది.