ఈ వయసులో పళ్ళకు క్లిప్పులా?

"ఈ వయసులో క్లిప్పులు వేయించుకుంటే జనం నవ్వరా సిస్టర్?" అని మా నర్సులను అడిగేవారు ఈమధ్య ఎక్కువవుతున్నారు. వారు అడిగేది పిల్లల కోసం కాదు, తమ కోసమే. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వే నలభై ఏళ్ళ తల్లులూ, ఎత్తుపళ్ళ వల్ల ఫొటోలో పెదవులు బిగించుకొనే ఉద్యోగస్తులూ వారిలో ఉన్నారు. మేము దంతవైద్యులం కాము. అయినా వారికి మేము చెప్పే మాట ఒకటుంది. నవ్వేవాళ్ళను నవ్వనివ్వండి. దీనికి వయసు అడ్డు కాదు, అడ్డొచ్చేవి చిగుళ్ళు.

పన్ను ఎముకలో మేకులా బిగుసుకొని ఉండదు. పంటివేరుకూ ఎముకకూ మధ్య సన్నని నారపొర ఉంటుంది. క్లిప్పు మెల్లగా నొక్కుతూ ఉంటే ఒకవైపు ఎముక కరుగుతుంది, రెండోవైపు కొత్త ఎముక చేరుతుంది. పదిహేనేళ్ళ పిల్లలోనూ యాభై ఏళ్ళ మనిషిలోనూ జరిగేది ఇదే, పెద్దవారిలో కాస్త నెమ్మది. పన్ను నెలకు సుమారు 1 మిల్లీమీటరు కదులుతుంది కాబట్టి చాలామందికి ఏడాది నుండి రెండేళ్ళు పడుతుంది. పెళ్ళి మూడు నెలలుందనగా వచ్చి బాగా వంకరగా ఉన్న పళ్ళను సరిచేయమంటే ఎవరివల్లా కాదు. అన్నట్టు, పెళ్ళిచూపుల్లో ఎవరో ఏదో అన్నారని అమ్మాయిని బలవంతంగా తీసుకురావడం మాకు నచ్చదు. నోరు ఆమెది, రెండేళ్ళు ఓర్చుకోవలసింది ఆమే. నిర్ణయం కూడా ఆమెదే కావాలి.

ఇక చిగుళ్ళ సంగతి. పాచి గట్టిపడి గారకట్టి, తోముకున్నప్పుడల్లా రక్తం వస్తూ, లోపల ఎముక తరిగిపోయి ఉన్నచోట క్లిప్పు వేస్తే ఉన్న ఎముక కూడా పోయి పన్ను ఊగిపోవచ్చు. షుగర్ అదుపులో లేనివారికీ, చుట్ట, బీడీ, గుట్కా అలవాటున్నవారికీ ఈ ప్రమాదం ఎక్కువ. మరో మాట, మొన్నటిదాకా వరుసగా ఉన్న ముందుపళ్ళు నలభై దాటాక ఎడమై సందులు పడుతుంటే అది చాలాసార్లు చిగుళ్ళ జబ్బు లక్షణమే. అలాంటివారు ముందు చిగుళ్ళకు వైద్యం చేయించుకోవాలి, క్లిప్పుల మాట ఆ తరువాత.

కనిపించని క్లిప్పులు కావాలని అందరూ అడుగుతారు. పంటిరంగు సెరామిక్ క్లిప్పులు స్టీలువాటికన్నా తక్కువ కనిపిస్తాయి. అయితే తీగను పట్టి ఉంచే తెల్ల రబ్బరు రింగులు మన పసుపు, సాంబారు తగిలి నాలుగు రోజులకే పచ్చబడతాయి. పళ్ళ వెనుకవైపు వేసేవి బయటికి అసలు కనపడవు గాని మొదట్లో నాలుక ఒరుసుకుపోతుంది, మాట తడబడుతుంది. అలైనర్లు అనే పారదర్శక తొడుగులను తీసి పెట్టుకోవచ్చు. అందులోనే చిక్కుంది. రోజుకు 20 నుండి 22 గంటలు పెట్టుకుంటేనే అవి పనిచేస్తాయి. భోజనానికి తీయాలి, వేడి కాఫీకి తీయాలి, మళ్ళీ పెట్టుకొనేముందు నోరు శుభ్రం చేసుకోవాలి. గంటకో టీ తాగేవారికి ఇది సాగే పని కాదని మా అభిప్రాయం.

మాకు నిజంగా భయం కలిగించేది ఫోనులో వచ్చే ప్రకటనలు. నాలుగు ఫొటోలు పంపండి చాలు, తొడుగులు ఇంటికే వస్తాయంటారు. ఫొటోలో చిగురు లోతు కొలవలేరు, ఎక్స్‌రే లేకుండా ఎముక ఎంత మిగిలిందో తెలియదు. అమెరికాలో ఇలా ఇంటికే తొడుగులు పంపిన స్మైల్ డైరెక్ట్ క్లబ్ అనే పెద్ద సంస్థ 2023 డిసెంబరులో ఉన్నట్టుండి మూతపడింది. పళ్ళు సగం కదిలి ఉన్నవారికి ఎవరిని అడగాలో తెలియకుండా పోయింది. ఖర్చు కాస్త ఎక్కువైనా, బి.డి.ఎస్. తరువాత పళ్ళ వరుస సరిచేయడంలోనే మూడేళ్ళు ఎం.డి.ఎస్. చదివిన డాక్టరుగారి దగ్గరికి వెళ్ళండి. మీరు వాడే మందుల చీటీ కూడా వెంట తీసుకెళ్ళండి. ముఖ్యంగా ఎముకలు గుల్లబారకుండా మాత్రలో, ఇంజెక్షనో వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పాలి.

వరుస కుదిరి క్లిప్పులు తీసేశాక రాత్రిపూట రిటైనర్ పెట్టుకోవాలి. మానేస్తే పళ్ళు మెల్లగా పాతచోటికి జరుగుతాయి, రెండేళ్ళ ఖర్చూ వృథా. దాన్ని చన్నీళ్ళతోనే కడగాలి, వేడినీళ్ళు తగిలితే వంగిపోతుంది. అలైనర్లయినా రిటైనరయినా విందు భోజనాల దగ్గర కాగితంలో చుట్టి విస్తరి పక్కన పెట్టకండి, ఆకులతోపాటు అదీ కుప్పలోకి పోతుంది. దానికంటూ ఒక చిన్న డబ్బా సంచిలో ఉంచుకోండి.