తగ్గింది నిజమే, తగ్గించింది ఎవరు?

“తాయెత్తు కట్టించాక మా అమ్మాయికి నెమ్మదించిందండీ” అని ఎవరైనా అంటే, హేతువాదుల్లో చాలామంది అదంతా అబద్ధమని కొట్టిపారేస్తారు. నేను అలా అనను. ఆ అమ్మాయికి గుండెదడ తగ్గింది, ఊపిరి అందింది, చెమటలు ఆరాయి, కొంకర్లు పోయిన వేళ్లు విచ్చుకున్నాయి. ఇంటిల్లిపాదీ కళ్లారా చూశారు. కళ్లారా చూసినదాన్ని కాదంటే మన మాట ఎవరు వింటారు? మనం అడగాల్సింది ఒక్కటే: తాయెత్తు కట్టకపోయి ఉంటే తగ్గేది కాదా?

తగ్గేది. వైద్యశాస్త్రం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. ఇలాంటి దాడిని పానిక్ అటాక్ అంటారు. అది ఉన్నట్టుండి మొదలై, సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, అరగంట అటూ ఇటూగా దానంతటదే దిగిపోతుంది. ఆ తర్వాత నీరసం, బెదురు కొంతసేపు మిగలవచ్చు. కట్టినా దిగుతుంది, కట్టకపోయినా దిగుతుంది. ఆందోళన జబ్బుల చుట్టూ ఇన్ని తంతులు పుట్టడానికీ, చదువుకున్న ఇళ్లలోనూ అవి చెక్కుచెదరకుండా నిలవడానికీ మూలం ఇక్కడే ఉంది.

ముందు ఒంట్లో జరిగేదేమిటో చూద్దాం. పులి ఎదురుపడితే పోరాడటానికో పారిపోవడానికో మనిషి ఒళ్లు క్షణంలో సిద్ధమవుతుంది. అడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, ఊపిరి జోరందుకుంటుంది. అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ దీన్ని 1915లోనే వివరించాడు. పానిక్ అటాక్‌లో ఇదంతా పులి లేకుండానే జరుగుతుంది. ఎదురుగా ప్రమాదమేదీ కనపడదు కనుక మనసు దాన్ని ఒంట్లోనే వెతుక్కుంటుంది: గుండె ఆగిపోతోందేమో, పిచ్చెక్కుతోందేమో, ఇదే చివరి ఘడియేమో. ఆ ఆలోచనకు భయం రెట్టింపవుతుంది, భయానికి దడ రెట్టింపవుతుంది. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో ప్రతిపాదించిన సిద్ధాంతం సారాంశం ఇదే. ఒంట్లో కలిగిన మామూలు మార్పుకు మనసు ప్రాణాంతకమైన అర్థం చెప్పుకోవడంలోనే జబ్బు బిగుసుకుంటుంది.

ఊపిరి సంగతి ఇంకాస్త దగ్గరగా చూడాలి. దయ్యం కథలు ఎక్కువగా పుట్టేది అక్కడే. గాలి చాలడం లేదనిపించి మనిషి గబగబా, లోతుగా పీల్చి వదులుతుంటాడు. నిజానికి రక్తంలో ఆక్సిజన్‌కు కొదవేమీ ఉండదు. పడిపోయేది కార్బన్ డయాక్సైడ్. అది పడిపోతే మెదడులోని రక్తనాళాలు కాస్త కుంచించుకుని తల తిరుగుతుంది, చుట్టూ ఉన్న మనుషులు, గోడలు ఏదో కలలోవిలా తోస్తాయి. రక్తంలో విడిగా తిరిగే కాల్షియం తగ్గి మూతి చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిర్లెక్కుతాయి. మరీ ఎక్కువైతే చేతులు కొంకర్లు పోతాయి.

ఆ దృశ్యం మన ఊళ్లలో చూడనివాళ్లు తక్కువ. పెళ్లయి ఏడాది తిరగని కోడలు మంచం మీద పడి రొప్పుతూ ఉంటుంది. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయి, మిగతా వేళ్లు కర్రల్లా బిగిసి ఉంటాయి. “గాలి సోకింది” అంటుంది ఒక పెద్దావిడ. ఎవరో తాళాల గుత్తి తెచ్చి బిగిసిన చేతిలో కుక్కుతారు. ఇంకొకరు ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెడతారు. మరొకరు వేపమండల కోసం పరిగెడతారు. కాసేపటికి ఆ పిల్ల అలిసిపోతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది, కార్బన్ డయాక్సైడ్ మామూలు స్థాయికి వస్తుంది, వేళ్లు సడలుతాయి. “ఇనుము పడితే ఏ గాలైనా వదలాల్సిందే” అని పెద్దావిడ తేల్చేస్తుంది. గదిలో పదిమంది సాక్షులుంటారు. వాళ్లలో ఎవరూ అబద్ధం చెప్పరు. అయినా ఆ పదిమందీ చూడనిది ఒకటుంది: తాళాలు పెట్టకపోతే ఏమయ్యేదో.

1948లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఆకలితో ఉన్న పావురాలను బోనుల్లో పెట్టి, అవి ఏం చేసినా చేయకపోయినా గడియారం ప్రకారం మేత అందే ఏర్పాటు చేశాడు. ఎనిమిదింటిలో ఆరు పావురాలు తలా ఒక తంతు అలవరచుకున్నాయి. ఒకటి అదేపనిగా గుండ్రంగా తిరిగింది. మరొకటి బోను పైమూలకు తల విసిరింది. మేత అందిన క్షణంలో యాదృచ్ఛికంగా చేస్తున్న పని వాటికి అలవాటై కూర్చుంది. పానిక్ కూడా తన వేళకు తాను దిగిపోతుంది. దిగే నిమిషంలో దగ్గర ఏముంటే పేరు దానికొస్తుంది: విభూతికి, మంత్రించిన నీళ్లకు, దర్గాలో కట్టిన దారానికి, పాస్టరు చేసిన ప్రార్థనకు, ఆర్‌ఎంపీ పొడిచిన సూదికి. ఇన్ని రకాల దేవుళ్లు, ఇన్ని రకాల మనుషులు ఒకే జబ్బును అదే అరగంటలో తగ్గిస్తున్నారంటే, ఆ పని అరగంటదే.

ఈ నమ్మకాలకు ఇంకో రక్షణ కూడా ఉంది. అవి ఎప్పటికీ ఓడిపోకుండా ముందే ఏర్పాటు చేసుకుంటాయి. దిష్టి తీసిన మిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు. తీసినా మనిషి కుదుటపడకపోతే తీసినవాళ్ల చెయ్యి మంచిది కానట్టు. తాయెత్తు పనిచేయకపోతే మైల పడినట్టు. ఏది జరిగినా తప్పు నమ్మకానిది కాదు. తప్పని తేలే దారే లేని మాటను నిజమని తేల్చే దారీ ఉండదు.

జ్యోతిషం చేసే హాని ఇంకా లోతైనది. ఆందోళనతో బతికే మనిషి మెదడు రోజంతా “ఏదో జరగబోతోంది” అని గొణుగుతూనే ఉంటుంది. అలాంటివాణ్ణి తీసుకెళ్లి జాతకం చూపిస్తే “ఏలినాటి శని నడుస్తోంది, గండం ఉంది, శాంతి చేయించాలి” అంటారు. ఏలినాటి శని అంటే ఏడున్నరేళ్లు. చికిత్సలో మనోవైద్యుడు ఏ ఆలోచనను నిదానంగా సడలించాలని చూస్తాడో, ఆ ఆలోచనకే ఇక్కడ గ్రహాల పేరు పెట్టి, గడువు కట్టి, రుసుము తీసుకుని పంపిస్తారు. గండం చెప్పిన తేదీ దగ్గరపడుతుంటే ఆ ఇంట్లో నిద్ర ఎలా ఉంటుందో చెప్పినవాడికి పట్టదు. తేదీ గడిచిపోతే శాంతి ఫలించిందంటాడు.

“పోనీలెండి, మహిమ లేకపోయినా ధైర్యంగా ఉంటుంది కదా, చేతికో దారం ఉంటే నష్టమేమిటి?” అని మంచివాళ్లే అడుగుతారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పుకునే హక్కు మనకు లేదు. నష్టం ఇది: బస్సెక్కితే చచ్చిపోతానని భయపడే మనిషి తాయెత్తు కట్టుకుని బస్సెక్కాడు, చచ్చిపోలేదు. అతను నేర్చుకోవాల్సిన పాఠం “బస్సులో దడ వచ్చినా నేను చావను” అన్నది. నేర్చుకున్న పాఠం మాత్రం “తాయెత్తు ఉంది కాబట్టి బతికాను” అన్నది. ఆ భయం తప్పని తెలుసుకునే అవకాశం ప్రతి ప్రయాణంలోనూ చేజారుతుంది. స్నానం చేస్తుంటే దారం తెగిపోయిన రోజున పాత భయం పాత బలంతోనే తిరిగొస్తుంది. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ సాల్కోవ్‌స్కిస్ 1991లో ఆందోళన ఎందుకు ఏళ్ల తరబడి తగ్గకుండా ఉంటుందో చెబుతూ చూపించింది దీన్నే: రక్షణ కోసం చేసే పనులే భయాన్ని కాపాడతాయి.

హేతువాదం నిజాయితీగా ఉండాలంటే ఇదే కొలత ఆసుపత్రికీ పెట్టాలి. మొదటిసారి ఇలాంటి దాడి వచ్చినప్పుడు వైద్యుడికి చూపించుకోవడం తప్పనిసరి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తహీనత ఉన్నా, గుండె లయ తప్పినా, షుగరు పడిపోయినా ఇలాంటి లక్షణాలే వస్తాయి. వయసు మళ్లినవారికి, బీపీ, షుగరు ఉన్నవారికి ఛాతీలో నొప్పి వస్తే పానిక్ అని సర్దిచెప్పుకోకుండా ముందు ఆసుపత్రికే పరుగెత్తాలి. అయితే గుండె బాగుందని ఈసీజీ, ఎకో తేల్చాక, వైద్యుడు కొత్తగా కారణం చూపకుండానే, నెల నెలా తీయించుకునే ఎనిమిదో ఈసీజీ కూడా తాయెత్తే. “గ్యాస్” అని రాసిచ్చే మాత్రలూ, నీరసమని ఎక్కించే సెలైన్ సీసా, రోజుకు ఇరవైసార్లు వేలికి తగిలించుకునే పల్స్ ఆక్సీమీటర్ కూడా అంతే.

చికిత్స అంటే పరీక్ష పెట్టడమే. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో శిక్షణ పొందిన నిపుణుడు, పరీక్షలు చేయించి ఒంట్లో వేరే జబ్బు లేదని తేలాక, మనిషిని కుర్చీలో గిరగిరా తిరగమంటాడు. నిలబడ్డ చోటే పరుగెత్తమంటాడు. సన్నని స్ట్రా గుండా ఊపిరి పీల్చమంటాడు. ఒక నిమిషం గబగబా ఊపిరి తీసి వదలమంటాడు. దడ, తలతిప్పు, తిమ్మిర్లు అన్నీ వస్తాయి. కావాలని తెప్పించుకున్నవి కాబట్టి వాటి వెనుక గాలీ ధూళీ లేవని ఒంటికే అనుభవమవుతుంది. “పడిపోతాను” అన్నవాడు పడిపోడు. పానిక్‌లో మామూలుగా రక్తపోటు పెరుగుతుంది తప్ప పడిపోదు. తర్వాత ఆ మనిషి తాను తప్పించుకు తిరుగుతున్న లిఫ్టు, బస్సు, సంత, పెళ్లిపందిరి లాంటి చోట్లకు ఒక్కొక్కదానికే వెళ్లి, భయం పైకి లేచి తనంతట తాను దిగేదాకా అక్కడే ఉంటాడు. ఆస్ట్రేలియా వైద్యురాలు క్లేర్ వీక్స్ 1962లో రాసిన పుస్తకంలో రోగులకు ఇచ్చిన సలహా కూడా దీనికి దగ్గరే: ఎదుర్కో, ఒప్పుకో, దానితో పెనుగులాడకుండా తేలిపో, కాలాన్ని గడవనీ.

మందుల గురించి కూడా మూఢనమ్మకాలున్నాయి. “మానసిక మందులు మొదలుపెడితే జీవితాంతం వదలవు” అంటారు. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి రోజుల్లో కంగారు కాస్త పెరిగినట్టూ ఉండవచ్చు. అవి మత్తుమందుల్లా వ్యసనం కావు. ఆపేటప్పుడు మాత్రం వైద్యుడు చెప్పినట్టు నెమ్మదిగా తగ్గించుకోవాలి. నిజంగా అలవాటయ్యేవి ఆల్ప్రజోలమ్ లాంటి మాత్రలు. వాటినే మన ఊళ్లలో చీటీ లేకుండా “నిద్రమాత్ర” పేరుతో మందుల షాపులో కొని మింగుతారు. మనోవైద్యుడి గడప తొక్కితే పిచ్చి ముద్ర పడుతుందని, అమ్మాయికి సంబంధాలు రావని భయపడే తల్లిదండ్రులు, అదే అమ్మాయిని భూతవైద్యుడి ముందు జుట్టు విరబోసి కూర్చోబెట్టడానికి వెనకాడరు. పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందనే ఆచారం మరీ క్రూరమైనది. జబ్బుతో ఉన్న పిల్లను ఊరుకాని ఊరికి, తెలియని మనుషుల మధ్యకు పంపి, అక్కడ దడ వస్తే గాలి సోకిందంటారు.

గుడిలో ఉంటే కుదుటపడినవాళ్లు లేరా? ఉన్నారు. తమిళనాడులోని ఒక గుడిలో ఆశ్రయం పొందిన 31 మంది మానసిక రోగులను పరిశీలించిన అధ్యయనం 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. వాళ్ల లక్షణాల తీవ్రత సుమారు 20 శాతం తగ్గింది. అక్కడ వాళ్లను ఎవరూ కొట్టలేదు, ఆదరణతో ఉండనిచ్చారు. మనిషిని ఆదరిస్తే మనసు నిమ్మళిస్తుందన్నది ఏ హేతువాదీ కాదనడు. మంత్రం ఫలించిందనడానికి మాత్రం అది రుజువు కాదు. ఆ తమిళనాడులోనే, దర్గా చుట్టూ రోగుల ఆశ్రమాలు వెలసిన ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న అగ్నిప్రమాదం జరిగినప్పుడు గొలుసులతో కట్టేసిన 28 మంది పారిపోలేక కాలిపోయారు. నమ్మకానికి జవాబుదారీతనం లేనిచోట ఆదరణ దొరకడం అదృష్టం మీద ఆధారపడుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. చట్టం తెలియని ఇళ్లూ ఆశ్రమాలూ ఇంకా ఉన్నాయి.

నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో ఆందోళన, కుంగుబాటు వంటి సాధారణ మానసిక సమస్యలున్నవారిలో 85 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. తెలుగు రాష్ట్రాలు ఆ సర్వేలో లేకపోయినా మన మండలాల్లో మనోవైద్యులు ఎందరున్నారో మనకు తెలుసు. ఆ ఖాళీలోకే భూతవైద్యుడు వస్తాడు. అందుకే అతణ్ణి తిట్టి ఊరుకుంటే మన పని అయిపోదు. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే, డబ్బులేమీ తీసుకోకుండా మాట్లాడతారు. ఆ నంబరు ప్రతి గుడి, దర్గా, చర్చి ముందు రాసి ఉండాలని, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పానిక్‌ను గుర్తుపట్టే నర్సు, ఆశా కార్యకర్త ఉండాలని హేతువాద సంఘాలు పట్టుబట్టాలి.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది అంతకంటే సులువు. దాడి వచ్చినప్పుడు చుట్టూ గుమిగూడకండి, తాళాలు వెతకకండి, “ఏం లేదు, ఊరికే భయం” అని కసరకండి. పక్కన కూర్చుని “ఇది ఇదివరకూ వచ్చింది, తగ్గింది, ఇప్పుడూ తగ్గుతుంది. మెల్లగా ఊపిరి వదులు” అనండి. గడియారం చూడండి. ఏ దారమూ, ఏ దిష్టీ లేకుండా అది దిగిపోవడం ఆ మనిషి ఒక్కసారి పూర్తిగా చూస్తే, వందమంది హేతువాదుల ఉపన్యాసాలు చేయలేని పని అది చేస్తుంది.