మిరప చేలల్లో గుడారాలనూ జనాభాలో రాయించండి

పల్నాడు రైతులకు, ముఠా మేస్త్రీలకు, సచివాలయ సిబ్బందికి, జిల్లా అధికారులకు విజ్ఞప్తి

ఈ దేశంలో ఎంతమంది ఉన్నామో చివరిసారి తలలు లెక్కపెట్టి చూసుకున్నది 2011లో. అప్పటికి 121 కోట్లు. 1881 నుంచి పదేళ్లకోసారి జరుగుతూ, 1941లో ప్రపంచయుద్ధం నడుస్తున్నా ఆగని ఈ పని 2021లో కరోనా వల్ల ఆగింది. కరోనా పోయాక కూడా ఏళ్ల తరబడి వాయిదాల్లోనే ఉండిపోయింది. జనాభాలో చైనాను దాటుతున్నామని 2023లో ఐక్యరాజ్యసమితి చెప్పింది గానీ, అది అంచనా. మన లెక్క మన దగ్గర లేదు.

ఇప్పుడు 2027 మార్చి 1వ తేదీ మొదలయ్యే అర్ధరాత్రికి ఎవరెక్కడ ఉన్నారో తేల్చబోతున్నారు. అందుకోసం ఫిబ్రవరిలో ఎన్యూమరేటర్లు ఇల్లిల్లూ తిరుగుతారు. జనగణనలో 1931 తర్వాత అన్ని కులాలనూ రాయడం ఇదే మొదలు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాకైతే సొంత పేరుతో ఇదే తొలి జనగణన. ఇన్నాళ్లూ మనం చెప్పుకుంటున్న 20 లక్షల 40 వేల జనాభా పాత గుంటూరు జిల్లా కాగితాల్లోంచి విడదీసి తీసిన అంకె.

ఫిబ్రవరి అంటే మన దగ్గర ఏ పనులు నడుస్తాయో వేరే చెప్పాలా? మిరపకోతలు.

పశ్చిమ కర్నూలులోని కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి బియ్యం మూటలు, వంట సామాను, పసిపిల్లలతో కుటుంబాలకు కుటుంబాలు లారీల్లో దిగుతాయి. చేల పక్కన, కాలవ గట్ల మీద పట్టాలతో గుడారాలు లేస్తాయి. తెల్లారీ తెల్లారకముందే పెద్దవాళ్లంతా చేలో ఉంటారు. పొద్దుగూకాక వచ్చి పొయ్యి వెలిగిస్తారు. పగటిపూట గుడారం దగ్గర ఉండేది చంటిబిడ్డను ఆడించే ఏడెనిమిదేళ్ల పిల్ల. బడిలో ఉండాల్సిన పిల్ల. పదకొండు గంటలకు ఎన్యూమరేటర్ వెళ్లి ఇంటి యజమాని ఎవరని అడిగితే ఆ పిల్ల ఏం చెబుతుంది?

అసలు అక్కడిదాకా ఎన్యూమరేటర్ వెళ్తారా అన్నది ఇంకో ప్రశ్న. జనగణనకు ముందు ఇళ్ల జాబితా తయారవుతుంది. ఆ పనికి పెట్టిన గడువు 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా. ఆ నెలల్లో మన చేలల్లో గుడారం ఉండదు. జాబితాలో లేని గుడారాన్ని ఫిబ్రవరిలో ఎవరో ఒకరు చూపించి చేర్పించాల్సిందే. అటు సొంతూళ్లో ముసలివాళ్లు మాత్రమే ఉంటారు. లెక్క జరిగినన్నాళ్లూ ఊళ్లో లేనివాళ్లను అక్కడ రాయకూడదు, ఉన్నచోట రాయాలి అన్నది 2011లో పాటించిన నియమం. అక్కడ నియమం ప్రకారం రాయక, ఇక్కడ ఎవరికీ కనిపించక, మన మిరపకాయ కోసిన మనిషి దేశం లెక్కలోనే లేకుండా పోతాడు.

“వాళ్లను మన దగ్గర రాస్తే వాళ్ల ఊరి జనాభా తగ్గి నష్టం కాదా?” అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. కొంత తగ్గుతుంది. కానీ 2011 ఫారంలో ఇంతకుముందు ఎక్కడ ఉండేవారు, ఎందుకు వచ్చారు అని కూడా అడిగారు. ఏటా ఎన్ని వేలమంది పశ్చిమ కర్నూలు వదిలి ఎక్కడికి పోతున్నారో సర్కారు కాగితం మీద కనిపించాలంటే దారి అదే. 2013 ఆహార భద్రతా చట్టం కింద ఎంతమందికి బియ్యం ఇవ్వాలన్నది ఇప్పటికీ 2011 జనాభా మీదే నడుస్తోంది. లెక్కలో తప్పిపోతే ఆ నష్టం ఒక్క ఏడాదితో తీరదు.

ఇక మన వాళ్ల సంగతి. కౌలు రైతులారా, మీరు కూలీ అని రాయించుకోకండి. డబ్బుకు గానీ, పంట భాగానికి గానీ భూమి తీసుకుని చేసేవాడు జనగణన నిర్వచనంలో సాగుదారే. పట్టా అడగరు, యజమాని సంతకం అడగరు. 2019 చట్టం కింద సాగుదారు హక్కు కార్డుకు సంతకం కోసం యజమాని గుమ్మం చుట్టూ తిరిగిన అనుభవం మీకుంది కాబట్టి ఈ మాట నొక్కి చెబుతున్నాం. “ఆయనకు తెలిస్తే పొలం లాక్కుంటాడు” అన్న భయం వద్దు. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం మీరు చెప్పింది ఇంకెవరూ చూడటానికి వీల్లేదు, కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికీ వీల్లేదు.

ఆడవాళ్లను “ఇంట్లోనే ఉంటుంది” అని రాయించే మగవాళ్లకు ఒక మాట. సొంత చేలో జీతం లేకుండా చేసిన పని కూడా పనే. గేదెను మేపి పాలు పితికితే, ఆ పాలు ఇంట్లోకే వాడుకున్నా, 2011 నిర్వచనంలో అది పనే. ఆమె మాటనే రాయించండి.

మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి తండాల్లో మాతృభాష తెలుగు అని ఎన్యూమరేటర్ తనంతట తానే రాసేయకూడదు. అమ్మ లంబాడీలో మాట్లాడి పెంచితే లంబాడీ అనే రాయించండి. 2011లో 32 లక్షలకు పైగా జనం అలా చెబితే ఢిల్లీలో దాన్ని హిందీ కింద కలిపేశారు. ఆ పోరాటం వేరే ఉంది, ముందు అంకె నిలబడాలి. తండా జనాభా ఒక్కరు తగ్గకుండా రాయించడం రోడ్డు కోసం కూడా అవసరం. మైదాన ప్రాంతాల్లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డుకు 500 జనాభా గీత పెట్టారు.

హైదరాబాదులో, బెంగళూరులో స్థిరపడిన మన పిల్లలు అక్కడే రాయించుకోవాలి. రేషన్ కార్డు పోతుందేమోనని రెండుచోట్లా రాయించొద్దు. ఎవరి కార్డు ఉంచాలో, ఎవరిది తీసేయాలో ఈ లెక్క చూసి తేల్చరు.

మేం కోరేది ఇది. జిల్లా కలెక్టర్ గారు జనవరిలోనే తహసీల్దార్ల చేత మిరప సాగయ్యే ఊళ్లలో గుడారాల జాబితా తీయించాలి. ఆ బ్లాకుల్లో ఎన్యూమరేటర్లు సాయంత్రం ఆరు తర్వాత వెళ్లేలా ఉత్తర్వు ఇచ్చి, వెళ్లిరావడానికి బండి ఖర్చు ఇవ్వాలి. తండాలకు లంబాడీ వచ్చిన టీచర్లను వేయాలి. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర, దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర రేకుల షెడ్లలో ఉండే బయటి రాష్ట్రాల కూలీలకూ ఇదే పద్ధతి పాటించాలి. మేస్త్రీలు తమ ముఠాలో ఎందరున్నారో పిల్లలతో సహా కాగితం మీద రాసి పెట్టుకోవాలి. రైతులు తమ చేలో దిగిన కుటుంబాల సంగతి సచివాలయంలో చెప్పాలి, ఎన్యూమరేటర్‌ను వెంటబెట్టుకుని చేను దాకా తీసుకెళ్లాలి.

2027 మహాశివరాత్రి మార్చి 6న. లెక్క ముగింపుకొచ్చే రోజుల్లోనే కోటప్పకొండకు ప్రభలు కట్టే పని ఊరూరా జోరుగా ఉంటుంది. ప్రభ కోసం ఇంటింటికీ తిరిగి చందా వసూలు చేసే కుర్రాళ్లకు ఏ ఇంట్లో ఎవరున్నారో, ఏ గట్టు మీద ఎన్ని గుడారాలున్నాయో తెలిసినంతగా ఏ ఆఫీసుకూ తెలియదు. ప్రతి ఊరి ప్రభల కమిటీ ఇద్దరు కుర్రాళ్లను ఎన్యూమరేటర్‌కు తోడు పంపాలి. వాళ్ల పేర్లు జనవరి నెలాఖరుకల్లా సచివాలయంలో ఇవ్వండి.

ఇట్లు,
నరసరావుపేట పౌరులు