మీ ఇంట్లో ఓట్లెన్ని?

ఎన్నికల దినాలు సమీపించగానే మన వీధులలో మొట్టమొదట వినవచ్చే ప్రశ్న ఇది. చేతిలో ఓటర్ల జాబితా పట్టుకొని వచ్చిన పెద్దమనిషి గుమ్మం దిగువనే నిలబడి, ఇంటి యజమానిని పిలిచి, "ఏమండీ, మీ ఇంట్లో ఓట్లెన్ని?" అని అడుగుతాడు. యజమాని వేళ్లు మడిచి లెక్కపెట్టి "అయిదు" అంటాడు. వచ్చినవారు అయిదు పేర్ల పక్కన గీతలు గీసుకొని "అన్నీ మనవేగా?" అని నవ్వుతారు. యజమానీ నవ్వుతాడు. వంటింట్లో ఉన్న ఇల్లాలినిగాని, పుస్తకం ముందు కూర్చున్న కుమార్తెనుగాని పిలిచి "అమ్మా, నీ మాటేమిటి?" అని అడిగేవారుండరు. పాడిగేదెలెన్ని, బియ్యం బస్తాలెన్ని అని అడిగినట్లే ఓట్లెన్ని అని అడగడం మనకు అలవాటైపోయింది.

ఈ ప్రశ్నలో తప్పేముందని మన విద్యార్థులు అనవచ్చు. నా మనవి ఒక్కటే. ఇంటికి తలుపు ఉంటుంది, నంబరు ఉంటుంది, పన్ను ఉంటుంది. ఓటు మాత్రం ఉండదు. ఓటు మనిషికి ఉంటుంది.

అలాగని మన ఇళ్లలో రాజకీయాలకు కొదవ ఉన్నదని ఎవరూ భ్రమపడనక్కరలేదు. ప్రతి ఇల్లూ ఒక చిన్న శాసనసభ. తాతయ్య అనండి, దాదాజాన్ అనండి, ఆయన సభాపతి. చిన్ననాట గోడలమీద చూచిన కాడెద్దుల గుర్తు ఆయన కన్నులకు ఇప్పటికీ కట్టినట్లుంటుంది. తొలి ఓటు వేసేనాటికి గుర్తు ఆవుదూడగా మారింది. తరువాత అది హస్తమైంది. ఆనాటి నాయకులకున్న నిజాయితీ ఈనాటివారికి లేదన్నది ఆయన తీర్మానం. దానిమీద చర్చకు అనుమతి లేదు. నాన్నగారు ఆర్థికమంత్రి. ఎరువుల ధర, మామిడికాయ ధర, పత్తి ధర, ఈ మూడింటినిబట్టి ప్రభుత్వాలకు మార్కులు వేస్తారు. మామూగాని బాబాయిగాని ప్రతిపక్షం. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఆయన స్థానం మారదు. అమ్మ మాట్లాడదు. కాని గ్యాసుబండ, కందిపప్పు, పిల్లల ఫీజు, వీటి లెక్క ఆమెకు తెలిసినంతగా ఏ మంత్రికీ తెలియదు. ఇక కళాశాలలో చదివే సుపుత్రుడు చేతి ఫోనులో మూడు నిమిషాల ఉపన్యాసమొకటి విని వచ్చి రాజ్యాంగాన్నే మార్చాలంటాడు. అన్నం చల్లారిపోతున్నదని దాదీమా కేకవేయడంతో సభ నిరవధికంగా వాయిదా పడుతుంది.

మన తిరువూరుకు మరొక విశేషం ఉన్నది. ఇది సరిహద్దు ఊరు. గంపలగూడెం దాటితే మధిర, ఇటు పోతే పెనుబల్లి, సత్తుపల్లి. అన్నిటితోనూ మనకు వియ్యాలూ కయ్యాలూ ఉన్నవి. 1952లో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు మనవైపువారు మద్రాసు రాష్ట్ర శాసనసభకు, ఖమ్మంవైపు బంధువులు హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఓటు వేశారు. 1956 నవంబరు 1న ఒకే రాష్ట్రమైనాము. 2014 జూన్ 2న మళ్లీ రెండైనాము. కనుక ఇక్కడ పెళ్లిపందిట్లో వియ్యంకులు కూర్చుంటే ఒకేసారి రెండు రాష్ట్రాల రాజకీయాలు వడ్డిస్తారు. 2024 మే 13న లోక్‌సభ ఎన్నికలు మాత్రం రెండువైపులా ఒకేనాడు జరిగినవి. ఆనాడు ఆ ఊరి వియ్యపురాలి వేలిమీదా ఈ ఊరి వియ్యపురాలి వేలిమీదా ఒకే రంగు సిరా.

ఇంతవరకూ అంతా వినోదమే. చర్చ ఇంటికి అందం. కాని చర్చ ముగిసిన తరువాత పోలింగునాటి ఉదయం యజమాని లేచి "అందరూ దీనికే వెయ్యండి" అని తీర్పు చెప్పడం, మిగిలినవారు తలలూపడం, ఇక్కడ వినోదం అంతమై విషయం ప్రారంభమవుతుంది.

ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చింది? దీనికి చరిత్ర ఉన్నది. 1935నాటి భారత ప్రభుత్వ చట్టం కింద ఓటు అందరికీ లేదు. ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలున్నవారికే ఉండేది. స్త్రీలలో కొందరికి ఓటు లభించిందిగాని, అందులో చాలామందికి అది తమ అర్హతవల్ల కాక, అర్హతగల భర్తకు భార్య అయినందువల్ల లభించింది. అంటే ఆనాటి ఓటు నిజంగానే ఇంటి ఓటు. స్వతంత్ర భారత రాజ్యాంగం 326వ అధికరణంతో ఆ గోడను కూల్చివేసింది. చదువు అడగలేదు, ఆస్తి అడగలేదు, ఎవరి భార్యవని అడగలేదు. వయస్సు మాత్రం అడిగింది.

కాని చట్టం ఒక్కనాడు మారినంత మాత్రాన ఇల్లు ఒక్కనాడు మారదు. తొలి ఎన్నికలకు జాబితాలు తయారుచేస్తున్నప్పుడు ఉత్తరాది రాష్ట్రాలలో లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పడానికి నిరాకరించారు. ఫలానావారి భార్యను, ఫలానావాని తల్లిని అని మాత్రమే చెప్పారు. మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ పట్టుదల వదలలేదు. ఓటరుకు పేరుండాలి, పేరు లేనివారిని జాబితాలో ఉంచడానికి వీలులేదన్నారు. ఆ విధంగా దాదాపు 28 లక్షలమంది స్త్రీల పేర్లు తొలగిపోయినవి. వినడానికి కఠినంగా ఉన్నది. కాని ఆ కాఠిన్యంలో ఒక గౌరవం ఉన్నది. అమ్మా, నీవు ఒకరి నీడవు కావు, నీకొక పేరున్నది, ఆ పేరుతో రా అని రాజ్యం ఒక స్త్రీతో అన్న మొదటి మాట అది. తరువాతి ఎన్నికలనాటికి స్త్రీలు పేర్లు చెప్పసాగారు. ఈనాడు మన కళాశాల హాజరుపట్టికలో ఆడపిల్లలందరికీ పేర్లున్నవి. ఆ పేరుకొక అభిప్రాయం కూడా ఉన్నదా అన్నదే మన ముందున్న ప్రశ్న.

రహస్య ఓటింగు ఎందుకు పుట్టిందో కూడా కొంచెం తెలుసుకోవాలి. బ్రిటనులో ఒకప్పుడు ఓటరు నలుగురి ఎదుట నిలబడి తన అభ్యర్థి పేరు గట్టిగా చెప్పవలసి వచ్చేది. భూస్వామి ఎదుటనే ఉండి వినేవాడు. 1856లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా ప్రాంతాలు రహస్య ఓటింగును ప్రవేశపెట్టినవి. 1872లో బ్రిటను దానిని స్వీకరించింది. మన ప్రజాప్రాతినిధ్య చట్టం (1951) 94వ సెక్షను ప్రకారం, ఎవరికి ఓటు వేశావో చెప్పమని ఎవరినీ నిర్బంధించడానికి వీలులేదు. న్యాయస్థానం అడగలేని ప్రశ్నను మనం భోజనాల దగ్గర అడుగుతున్నాము!

చూపు లేనివారి విషయంలో నియమాలు చెప్పేది మరింత శ్రద్ధగా వినదగినది. గుర్తులు చూచి మీట నొక్కలేని ఓటరు పద్దెనిమిదేండ్లు నిండిన ఒకరిని సహాయంగా తీసుకొని పోవచ్చు. అయితే ఆ సహాయకుడు ఆ ఓటును రహస్యంగా ఉంచుతానని ప్రకటన వ్రాసి ఇవ్వాలి. ఒకే రోజున రెండవవారికి సహాయకుడుగా ఉండకూడదు. సొంత తల్లిని చేయిపట్టి తీసుకొనిపోయిన కొడుకైనా సరే, ఆ ప్రకటన ఇవ్వవలసినదే. 2024 ఎన్నికలలో ఎనభై అయిదేండ్లు దాటినవారు కోరితే అధికారులు ఇంటికే వచ్చి ఓటు వేయించుకున్నారు. అక్కడ కూడా మంచం పక్కన చిన్న అడ్డు పెట్టి, ఇంటివారిని దూరంగా ఉంచారు. చట్టం భయపడినది రౌడీకి, భూస్వామికి మాత్రమే కాదు. ప్రేమగా భుజంమీద చేయివేసి "ఇటు నొక్కమ్మా" అనే కుటుంబానికి కూడా.

మన భాషలో ఓటికుండ అంటే చిల్లుపడిన కుండ. ఇంట్లోనే అందరికీ కారిపోయి, పోలింగు కేంద్రం చేరేసరికి ఖాళీ అయిపోయే ఓటు ఓటికుండ కాక మరేమిటి?

విద్యార్థులకు ఈ విషయం మరీ దగ్గరది. ఒకప్పుడు ఓటుహక్కు వయస్సు ఇరవై ఒకటి. 61వ రాజ్యాంగ సవరణ దానిని పద్దెనిమిదికి తగ్గించింది. అది 1989 మార్చి 28న అమలులోకి వచ్చింది. పెళ్లికి, ఉద్యోగానికి ఇంట్లో పెద్దల అనుమతి కావలసిన వయస్సులో, ఓటు విషయంలో మాత్రం మీకు మీరే పెద్దలని రాజ్యాంగం ప్రకటించింది. ఇంటర్మీడియట్ దాటీ దాటకమునుపే ఇంత నమ్మకం మరెవరు మీయందు ఉంచారు? ఆ నమ్మకాన్ని తిరిగి నాన్నగారి జేబులో వేసి రావడం పితృభక్తి అనిపించుకోదు.

"గురువుగారూ, పెద్దల అనుభవాన్ని తోసిపుచ్చమంటారా? ఇంట్లో కలతలు తెచ్చుకోమంటారా?" అని ఒక విద్యార్థి తరగతిలో అడిగాడు. ప్రశ్న న్యాయమైనదే. పెద్దలకు అనుభవం ఉన్నది. ఎన్ని వాగ్దానాలు విన్నారో, ఎన్ని నెరవేరినవో వారికి తెలుసు. ఆ లెక్క తప్పక అడిగి తెలుసుకోవాలి. కాని పెద్దలనుంచి తీసుకోవలసినది కారణం. తీర్పు కాదు. "ఎందుకు?" అని మర్యాదగా అడిగితే నాన్నగారు చెప్పే సమాధానంలో సగం పాఠ్యపుస్తకం ఉంటుంది. అది విని, తూచి, ఒకవేళ ఆయన దారినే పోవాలనిపిస్తే నిశ్చింతగా పోవచ్చు. అప్పుడది ఆయన ఓటు కాదు, మీ ఓటే. వేరే దారి తోస్తే ఆ మాట ఇంట్లో చాటనక్కరలేదు. రహస్యం ఉన్నది అందుకే. తండ్రీకొడుకుల మధ్య గౌరవం చెడకుండా ఇద్దరి మనస్సాక్షినీ కాపాడే ఏర్పాటు అది.

కుటుంబమంటే ఒకే రాజకీయమని నమ్మేవారు మన లోక్‌సభ నియోజకవర్గాన్నే చూడవచ్చు. తిరువూరు విజయవాడ లోక్‌సభ స్థానంలో భాగం. 2024లో అక్కడ ఇద్దరు అన్నదమ్ములు ఎదురెదురుగా నిలబడ్డారు. రెండుసార్లు ఎం.పి.గా పనిచేసిన అన్న కేశినేని శ్రీనివాస్ ఒక పార్టీ తరఫున, తమ్ముడు కేశినేని శివనాథ్ మరొక పార్టీ తరఫున పోటీ చేశారు. రెండు లక్షల ఎనభై వేలకు పైగా ఆధిక్యంతో తమ్ముడు గెలిచారు. వారి అభిప్రాయాల మంచిచెడ్డలు ఇక్కడ ప్రస్తావనకాదు. ఒకే తల్లి బిడ్డలు ఎవరి పార్టీ వారు ఎన్నుకోవడం నాయకులకు సహజమైనప్పుడు, వారికి ఓటు వేసే ఇళ్లలో అన్నదమ్ములు ఒకే మీట నొక్కాలన్న నియమం ఎవరు పెట్టారు?

ఇంటి లెక్క ఇంటితో ఆగదు. "మీ ఇంట్లో ఓట్లెన్ని?" అన్నవారే నాలుగడుగులు వేసి "మీ పేటలో ఓట్లెన్ని? మీ కులంలో ఎన్ని? మీ మసీదువారివెన్ని?" అని అడుగుతారు. ముస్లింల ఓట్లు గంపగుత్తగా ఫలానావారివని పట్టణపు టీకొట్టులో అరగంటలో తేల్చివేస్తారు. ఇంట్లో యజమాని, పేటలో నాయకుడు, ఇద్దరూ చేసేది ఒకే వ్యాపారం. ఇతరుల నోటిమాటను తమ సంచిలో వేసుకొని బేరమాడడం. ఓటుకింత అని డబ్బు పంచేవారు కూడా ఇంటి లెక్కతోనే వస్తారు. అయిదు ఓట్ల కవరు యజమాని చేతికే అందుతుంది. మిగిలిన నలుగురికీ తాము అమ్ముడుపోయిన సంగతి తెలియనైనా తెలియదు. అమ్ముడుపోయిన సముదాయానికి తరువాతి అయిదేండ్లు అడిగే నోరుండదు. విడివిడిగా ఆలోచించే వేయిమంది ఉన్న పేటకు మాత్రం ప్రతి అభ్యర్థీ వేయిసార్లు సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. మంచినీళ్లు, ఉపకారవేతనాలు, ఉర్దూ ఉపాధ్యాయుల ఖాళీలు, రోడ్ల గుంటలు, వీటి సంగతి అప్పుడే కదలుతుంది.

ఉర్దూలో ఎన్నికను ఇంతిఖాబ్ అంటారు. ఆ మాటకు ఏరుకోవడమని అర్థం. కవి గజళ్లలో మేలైనవి ఏరి కూర్చినదీ ఇంతిఖాబే. తెలుగులో ఎన్నిక ఎన్నుట నుంచి వచ్చింది. ఎన్నుట అంటే లెక్కించుట, గుణదోషాలు విచారించుట అని కూడా అర్థం. లెక్కించే పని అధికారులది. ఏరుకొని, విచారించే పని మనది. మన రెండు భాషలూ ఆ పనిని ఇంటి యజమానికి అప్పగించలేదు.

కావున మన విద్యార్థులకు ఒకటి రెండు సూచనలు. 2022 నుంచి ఓటరుగా చేరడానికి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే. పదునెనిమిది నిండినవారు ఆరవ నంబరు ఫారం తామే నింపండి. నాన్నగారు నింపుతారులే అని కూర్చోవద్దు. పెళ్లయి వేరే ఊరికి వెళ్లే అమ్మాయిలు అడ్రసు మార్పుకు ఎనిమిదవ నంబరు ఫారం ఇవ్వడం మరువవద్దు. పుట్టింటి జాబితాలో పేరుండి, అత్తింట మనిషి ఉండి, ఓటు ఎక్కడా లేకుండా పోయిన చెల్లెళ్లు మనలో తక్కువమంది కారు. అభ్యర్థి ఇంటికి వచ్చినప్పుడు గుమ్మంలో నాన్నగారి పక్కన మీరు కూడా నిలబడి ఒక్క ప్రశ్న అడగండి. ఇంటివారు మొదట ఆశ్చర్యపడతారు. తరువాత గర్వపడతారు.

ఇక జాబితా పట్టుకొని వచ్చిన పెద్దమనిషి "మీ ఇంట్లో ఓట్లెన్ని?" అని అడిగినప్పుడు మీరిచ్చే జవాబు మర్యాదగానే ఉండాలి. "ఓటర్లు అయిదుగురమండీ. కూర్చోండి, ఒక్కొక్కరినే పిలుస్తాను" అనండి చాలు. దాదీమాను మొదట పిలవండి.